'యాతన' అంటే శిక్షా, బాధా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారి సంవత్సరీకానికి వేయిస్తున్న కార్డులో "చివరి నాలుగు నెలలు క్యాన్సర్‌తో నరకయాతన అనుభవించారు" అని రాశారు. అది చూసి మీ బాబాయిగారు "యాతన అంటే పాపులకు యముడు వేసే శిక్షరా, మా అన్నయ్యకు ఆ మాట రాస్తావా?" అని నొచ్చుకున్నారు. మీరు నిఘంటువు తీస్తే అందులో 'తీవ్రమైన వేదన' అనీ ఉంది, 'నరకబాధ' అనీ ఉంది. ఇంతకీ ఎవరిది రైటు అన్నది మీ ప్రశ్న.

ఇద్దరిదీ రైటే. ఆయన ఆ మాట పుట్టింటి సంగతి చెబుతున్నారు, మీరు మెట్టినింటి సంగతి చెబుతున్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా పత్రికల్లో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. యాతన, బాధ, శిక్ష, పీడ లాంటి మాటలతో రోజూ పని పడేది. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను. మీ వాక్యంలో చిక్కు ఉన్నమాట నిజమే గానీ, అది 'యాతన'లో లేదు. దానికి అటొకటి ఇటొకటి తగిలించారే, ఆ రెండు మాటల్లో ఉంది. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు పుట్టింటికి వెళ్దాం. యాతన సంస్కృతం మాట. 'యత్' అనే ధాతువు నుంచి వచ్చింది. యత్నం, ప్రయత్నం కూడా ఆ ధాతువు పిల్లలే. దానికే ప్రేరణ రూపం (చేయుకు చేయించు లాంటిది) కడితే 'యాతయతి' అవుతుంది. బదులు తీర్చడం, తిరిగి చెల్లింపజేయడం అని అర్థం. వినడానికి వడ్డీ వ్యాపారి చిట్టాలో మాటలా ఉంది కదా. నిజంగా అలాంటిదే. ఇదే కుటుంబంలో 'నిర్యాతనం' అనే మాటకు అమరసింహుడి పాత సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పిన అర్థాలు మూడు: పగ తీర్చుకోవడం, దానం ఇవ్వడం, మన దగ్గర దాచమని ఇచ్చిన సొమ్మును తిరిగి అప్పగించడం. పగకీ దానానికీ పొత్తేమిటని నేను చాలాకాలం బుర్ర గోక్కున్నాను. తర్వాత తట్టింది, మన 'తీర్చు' చేసే పని కూడా అదేనని! బాకీ తీరుస్తాం, మొక్కు తీరుస్తాం, కసీ తీర్చుకుంటాం. ఇవ్వాల్సింది ఇచ్చేస్తే లెక్క సరి.

కాబట్టి యాతన మొదటి అర్థం నొప్పి కాదు, బదులు. చేసినదానికి తిరిగి ముట్టేది. ఆ లెక్కలు చూసేవాడు యముడు కాబట్టి అది యమలోకంలో పడే శిక్షలకు పేరుగా స్థిరపడింది. పాపం చేసినవాళ్లకు చనిపోయాక 'యాతనార్థీయం' అయిన వేరే శరీరం పుడుతుందని మనుస్మృతి 12వ అధ్యాయంలో ఉంది. పురాణాల్లో దాన్నే యాతనాశరీరం అంటారు. ఎంత ముందుచూపో చూడండి. ఉన్న ఒళ్లు చితిలో కాలిపోయాక శిక్ష అమలు చేయాలంటే ఇంకో ఒళ్లు కావాలి కదా, అందుకని యాతన పడటానికే ప్రత్యేకంగా ఒక ఒళ్లు! భాగవతం ఐదో స్కంధం చివర తామిస్రం, రౌరవం, కుంభీపాకం లాంటి 28 నరకాలను చెప్పి వాటన్నిటినీ కలిపి 'వివిధ యాతనాభూములు' అన్నారు. ఏ తప్పుకు ఏ నరకమో అక్కడ పట్టీ రాసినట్టు ఉంటుంది. ఒక తప్పు, దానికో తీర్పు, ఆ తీర్పుకో అమలు. అక్కడ యాతన అంటే ముమ్మాటికీ శిక్షే. మీ బాబాయిగారు పురాణాలు శ్రద్ధగా విన్న మనిషై ఉంటారు, ఆయన చెవిలో మోగింది ఆ యాతన.

అమరకోశం నరకవర్గంలో ఇంకో ముచ్చట ఉంది. "కారణా తు యాతనా తీవ్రవేదనా" అని నరకంలో పడేదానికి మూడు పేర్లు చెప్పి, వెంటనే "పీడా బాధా వ్యథా దుఃఖం" అంటూ మామూలు బాధకు తొమ్మిది పేర్లు చెబుతాడు అమరసింహుడు. అంటే ఆయన లెక్కలో యాతన ఒక మడి, బాధ పక్క మడి. మధ్యలో గట్టు ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ గట్టు తెగింది. (ఆ మూడు పేర్లకు ముందు అక్కడ 'విష్టి' అనే మాట ఉంటుంది. కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరి అని దానికి ఇంకో అర్థం. మన 'వెట్టి' దాని తద్భవమే. వెట్టి మాటను నరకం ఇంట్లోనే చూసినప్పుడు ఆశ్చర్యమేమీ కలగలేదు నాకు.)

ఇక మెట్టినింటికి వద్దాం. తెలుగులో ఒక మాట అసలు అర్థం తెలియాలంటే నిఘంటువు కన్నా దాని పక్కన కూర్చునే క్రియను చూడటం మేలు. శిక్ష పక్కన ఏవి కూర్చుంటాయి? విధించు, వేయు, ఖరారు చేయు, తగ్గించు, రద్దు చేయు. వీటన్నిటి వెనకా ఒక అధికారి ఉన్నాడు. ఇప్పుడు ఇవే యాతనకు పెట్టి చూడండి. "కోర్టు యాతన విధించింది." "యాతన రద్దు చేశారు." ఏ తెలుగువాడి నోటా రావు ఈ వాక్యాలు. యాతన పక్కన కూర్చునేది ముఖ్యంగా 'పడు'. బాధపడు, కష్టపడు, అవస్థ పడు, తిప్పలు పడు... ఆ వరసలోకి వెళ్లి చేరింది.

"శిక్ష కూడా పడుతుందిగా?" అంటారేమో. పడుతుంది. కానీ తేడా అంతా ఒక్క 'కు'లో ఉంది. "ఆమెకు శిక్ష పడింది." "ఆమె యాతన పడింది." మొదటి వాక్యంలో పడింది శిక్ష. జరిమానా పడినట్టు, కేసు పడినట్టు, ఎవరో పైనుంచి వేస్తే వచ్చి మీద పడింది. రెండో వాక్యంలో పడింది ఆమె. పైన వేసినవాడెవరూ లేడు. తెలుగు నోట్లో నలిగి నలిగి యాతనలోంచి జడ్జీ మాయమయ్యాడు, నేరం మాయమైంది, పడే మనిషి ఒక్కడే మిగిలాడు.

'పెట్టు' కూడా చేరుతుంది దీనికి. "కోడల్ని యాతన పెట్టారు" అంటాం. ఇక్కడ పెట్టేవాళ్లున్నారు. అయితే తప్పు ఎవరిది? పెట్టినవాళ్లది. పురాణంలో యాతన పడేవాడు దోషి, పెట్టేవాడు ధర్మరాజు. మన వాడుకలో పడేది అమాయకులు, పెట్టేది దుర్మార్గులు. అర్థం పూర్తిగా తలకిందులైంది. నన్నడిగితే మీ బాబాయిగారికి చూపించాల్సిన మొదటి సాక్ష్యం ఇదే.

రెండో సాక్ష్యం ఇంకా దగ్గర్లోనే ఉంది. ఎవరైనా జబ్బుపడి పోతే మనం ఏమంటాం? "పాపం, ఎంత యాతన పడ్డాడో!" అంటాం. ఆ 'పాపం' ఏమిటి? యమధర్మరాజు దగ్గర లెక్కకొచ్చే పాపమేనా? కాదు కదా, జాలి. అసలు పాపానికి యాతన బదులు అని చెప్పిన సంస్కృతం జంటనే తెలుగువాళ్లం పక్కపక్కన పెట్టి, రెంటిలోంచీ లెక్క తీసేసి, జాలి మాత్రం ఉంచుకున్నాం. "పాపం" అన్నందుకు ఎవరూ "మా వాడు ఏం పాపం చేశాడు?" అని పోట్లాటకు రారు. యాతనకూ అదే మర్యాద ఇవ్వాలి.

మతగ్రంథాల తెలుగులో కూడా ఈ తేడా కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో మత్తయి 25వ అధ్యాయం చివర తీర్పు చెప్పే చోట 'నిత్యశిక్ష' అని వాడారు. లూకా 16లో ధనవంతుడు మంటల్లో ఉండి తన గోడు చెప్పుకునే చోట 'యాతన పడుచున్నాను' అంటాడు. తీర్పు చెప్పే నోట శిక్ష, పడే నోట యాతన. అనువాదకులు చెవి పెట్టి విన్నారన్నమాట. ఉర్దూలో అజాబ్ అనే మాట ఉంది. దైవం వేసే శిక్షా అదే, మనిషి పడే నరకమూ అదే, విసిగిపోయినప్పుడు "బతుకు అజాబ్ అయిపోయింది" అనేదీ అదే. ఇంగ్లీషు 'పెయిన్' కూడా ఒకప్పుడు శిక్షే. లాటిన్‌లో 'పోయెనా' అంటే జరిమానా, దండన. 'పెనాల్టీ' ఆ ఇంటిదే. ఎక్కడైనా సరే, శిక్ష అనే మాటను జనం వాడగా వాడగా వేసేవాడు రాలిపోయి నొప్పి మిగులుతుంది కాబోలు.

అయితే అన్ని మాటలూ ఈ దారి పట్టలేదు. 'శిక్ష' చూడండి, ఇది ఎదురు దారిలో నడిచింది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలు ఆరింటిలో ఒకదాని పేరు శిక్ష. వేదాన్ని ఎలా ఉచ్చరించాలో చెప్పే శాస్త్రం అది. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే భాగం ఉంది. హిందీవాళ్లు ఆ అర్థాన్నే ఉంచుకున్నారు, శిక్షా అంటే చదువు. మనకూ కన్నడిగులకూ మలయాళీలకూ మరాఠీలకూ మాత్రం శిక్ష అంటే దండనే. నేర్పే అర్థం మన దగ్గర శిక్షణలో, సుశిక్షితులైన సైనికుల్లో దాక్కుని ఉంది. సర్వశిక్షా అభియాన్ బోర్డులు లేచిన కొత్తలో బడిపిల్లలు వాటిని చదువుకుని ఎంత నవ్వుకున్నారో నాకు గుర్తుంది. "అందరికీ శిక్షేనంట్రా!" 2018లో దాన్ని సమగ్ర శిక్షగా మార్చారు. తెలుగు చెవికి అది ఇంకా భయంకరంగా ఉంది.

ఇంకో తమాషా. 1860 నాటి పీనల్ కోడ్‌ను తెలుగులో భారత శిక్షాస్మృతి అన్నాం. హిందీలో దాని పేరు భారతీయ దండ్ సంహిత. వాళ్ల దండ్ మన శిక్ష, వాళ్ల శిక్షా మన విద్య. మా పత్రిక డెస్కులో కొత్తగా చేరినవాళ్లు 'శిక్షా మంత్రి' అని ఉన్నదున్నట్టు దించేసేవాళ్లు. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పేరులోంచి దండం పోయింది. మరణశిక్ష, యావజ్జీవం, జైలు, ఆస్తి జప్తు, జరిమానాల సరసన సమాజ సేవను కూడా ఇప్పుడు ఒక శిక్షగా చేర్చారు.

నేర్పడం, కొట్టడం ఒకే మాటలో ఎలా ఇమిడాయని అడిగితే, పాత వీధిబడిని తలుచుకోండి. గోడకుర్చీ, తొడపాశం, గుంజీలు, పిల్లాణ్ని దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడమనే కోదండం. చదువు చెప్పడమంటే ఇవన్నీ కలిపే. శిష్యుడు అనే మాట పుట్టిన 'శాస్' ధాతువు నుంచే శాసనం, శాస్త్రం వచ్చాయి, 'తగిన శాస్తి జరిగింది' అనే శాస్తీ వచ్చింది. శాస్త్రానికీ శాస్తికీ ఒకే తల్లి! 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం విడదీసినా మాట ఇంకా విడదీయలేదు.

శాస్తి సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. శిక్ష తప్పు చేయనివాడికి కూడా పడొచ్చు. "నిర్దోషికి శిక్ష పడింది" అనొచ్చు. "నిర్దోషికి శాస్తి జరిగింది" అనలేం. శాస్తిలో 'తగినదే' అనే తీర్పు ముందే కూర్చుని ఉంటుంది. మీ బాబాయిగారు యాతనలో ఉందని భయపడుతున్న అర్థం నిజానికి శాస్తిలో ఉంది. జబ్బుపడ్డ మనిషి గురించి ఆ మాట పొరపాటున కూడా వాడకూడదు.

దండన గురించి ఎక్కువ చెప్పను. దండం అంటే కర్ర, అది పట్టుకున్నవాడు దండధరుడు, అది యముడి పేరు. దండనలో నోటితో మందలించడం నుంచి ఒంటి మీద దెబ్బ దాకా అన్నీ వస్తాయి. మనుస్మృతిలోనే వాగ్దండం, ధిగ్దండం, ధనదండం, వధదండం అని నాలుగు మెట్లు ఉన్నాయి. ఆ ధనదండమే మన దండుగ. పంచాయితీలో కట్టించే జరిమానాను దండుగ అనేవాళ్లు. కట్టినవాడికి అది ఊరికే పోయిన డబ్బు కదా, అందుకని ఇప్పుడు వృథా ఖర్చంతా దండగే అయింది. "చదువు చెప్పించడం దండగ" అనే తండ్రికి తాను శిక్షాస్మృతి భాష మాట్లాడుతున్నానని తెలియదు.

బాధల వైపు చుట్టాలు ఇంకా సరదాగా ఉంటాయి. పీడకు మూలార్థం నొక్కడం, పిండటం. వాతావరణ వార్తల్లో అల్పపీడనం అనేది ఆ అర్థంలోనే. ఇంట్లో "పీడ విరగడైంది" అనుకునేది ఇంకో అర్థంలో. బాధకు సంస్కృతంలో అడ్డు, ఆటంకం అనే అర్థం కూడా ఉంది. హిందీలో ఇప్పటికీ ఆ అర్థమే. మనకు అది ఒంటికీ మనసుకూ సరిపోయే అన్నిటికన్నా మామూలు మాట. మీద పడి కట్టిపడేసేది కాబట్టి బాధ్యత కూడా ఆ ఇంట్లోంచే వచ్చింది, ఇంటి పెద్దకొడుకులను అడిగితే ఇది ఎందుకో చెబుతారు. వేదనకు మూలార్థం తెలియడం, అనుభూతి కలగడం. బౌద్ధులు చెప్పే పంచస్కంధాల్లో, అంటే మనిషిని తయారుచేసే ఐదు అంశాల్లో, వేదన ఒకటి. అక్కడ సుఖం కూడా వేదనే. మనం అందులో దుఃఖం మాత్రం ఏరుకున్నాం. ఆవేదన అంటే సంస్కృతంలో తెలియజేయడం. హిందీలో ఆవేదన్ అంటే దరఖాస్తు. ఒకసారి మా డెస్కులో ఉద్యోగాల ప్రకటన ఒకటి "ఆవేదనకు చివరి తేదీ 15" అని అచ్చుకు వెళ్లబోయింది. ఆపాం గానీ, నిరుద్యోగుల ఆవేదనకు ఓ చివరి తేదీ ఉంటే బాగుండునని అందరం అనుకున్నాం.

హిందీ నుంచి వచ్చేటప్పుడు యాతన దగ్గర కూడా జాగ్రత్త పడాలి. హిందీలో యాతనాలోంచి పెట్టేవాడు మాయం కాలేదు. నాజీల కాన్‌సెంట్రేషన్ క్యాంపును వాళ్లు యాతనా శివిర్ అంటారు. ఒక కుర్రాడు హిందీ వార్తను తెలుగు చేస్తూ "పోలీసు కస్టడీలో నిందితుడి యాతన" అని హెడ్డింగు పెట్టాడు. చదివితే ఆ మనిషికి లోపల ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. అసలు వార్త పోలీసులు అతన్ని చావగొట్టారన్న ఆరోపణ! అలాంటి చోట తెలుగులో 'చిత్రహింసలు' అనాలి. అప్పుడే చేసినవాడు వాక్యంలోకి వస్తాడు. దీని మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటి ఉంది, 1984 డిసెంబరు 10న ఆమోదించారు. మన దేశం 1997లో సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. ఆ ఒప్పందం మొదటి అధికరణంలోనే, చట్టప్రకారం వేసిన శిక్ష వల్ల మాత్రమే కలిగే బాధ చిత్రహింస కిందికి రాదని రాశారు. మనం ఇక్కడ మాటల మధ్య గీస్తున్న గీతనే వాళ్లు చట్టంలో గీశారు.

సరే, తెలుగులో యాతన ఎప్పుడు వాడాలి? నా లెక్క చెబుతాను, ఇది వ్యాకరణ సూత్రమేమీ కాదు. నొప్పి ఒంట్లో ఒకచోట ఉంటుంది, వేలు పెట్టి చూపించొచ్చు. బాధకు ఆ హద్దు లేదు. వేదన ఎక్కువగా మనసుది, 'ప్రసవవేదన' లాంటి స్థిరపడిన సమాసాలను పక్కన పెడితే. యాతనకు రెండు షరతులు: చాలాకాలం సాగాలి, తప్పించుకునే దారి ఉండకూడదు. కాలికి రాయి తగిలితే అది యాతన కాదు, అది నొప్పి. ఆ కాలు కుళ్లి ఆరు నెలలు మంచంలో ఉంటే యాతన. పత్రికలవాళ్లం ఈ మాటను చాలా చవక చేశాం, నా చేతులతో నేనూ చేశాను. బస్సు గంట ఆలస్యమైతే "ప్రయాణికుల నరకయాతన". చిన్న అక్షరాల హెడ్డింగులో బాగా ఇముడుతుంది మరి. దాంతో నిజంగా యాతన పడ్డవాళ్ల గురించి రాయాల్సి వచ్చినప్పుడు మాట చప్పగా తగిలేది.

'నానా యాతన' మాత్రం వేరే కథ. "నానా యాతన పడి ఇల్లు కట్టాడు" అంటే బాధ కన్నా ఎక్కువగా ప్రయాస. అందులో మెచ్చుకోలు కూడా ఉంది. మొదట్లో చెప్పానే, యత్నం దీని తోడబుట్టిందని. ఇన్ని వందల ఏళ్లు తిరిగి ఈ జాతీయంలో యాతన మళ్లీ అక్క దగ్గరికి చేరింది.

ఇప్పుడు మీ వాక్యం. "నరకయాతన అనుభవించారు." మీరు యాతన ఒక్కటే రాసి ఉంటే నేను నూటికి నూరుపాళ్లూ మీవైపే. 'నరక' అని ముందు తగిలించారు. వాడుకలో అది తీవ్రత కోసమే. "నరకం చూపించాడు" అన్నట్టే. కానీ పుట్టింటిని మరిచిపోయిన మాటకు మీరే పుట్టింటి అడ్రసు గుర్తుచేశారు. యమయాతన అన్నా ఇంతే. కబుర్లలో ఫరవాలేదు. పోయినవాళ్ల సంవత్సరీకం కార్డులో, వాళ్లకు పుణ్యలోకాలు కోరుకునే కాగితం మీద, నరకం అనే మాట అచ్చులో కనబడితే పెద్దవాళ్ల మనసు కలుక్కుమంటుంది. అందులో వాళ్ల తప్పు లేదు.

రెండోది 'అనుభవించారు'. ఇది ఇంకా సూక్ష్మం. సుఖమైనా దుఃఖమైనా అనుభవిస్తాం, నిజమే. కానీ ఏ ఊళ్లోనైనా అరుగు మీద "వాడు ఇప్పుడు అనుభవిస్తున్నాడు" అని ఊరుకుంటే దాని అర్థం ఏమిటి? చేసుకున్నదానికి ఫలితం అని. జైల్లో ఉన్నవాడు కూడా శిక్ష 'అనుభవిస్తాడు'. కర్మఫలమూ 'అనుభవించాల్సిందే'. లెక్క తీరడం అనే పాత వాసన యాతనలో పోయింది గానీ ఈ క్రియలో గట్టిగానే మిగిలింది. నరకం ముందు, అనుభవించడం వెనక, మధ్యలో యాతన. మూడూ కలిసేసరికి గట్టు అవతలి మడి మళ్లీ కనబడింది. మీ బాబాయిగారు వేలు తప్పు మాట మీద పెట్టారు గానీ, ఆయనకు తగిలిన ముల్లు నిజమైనదే.

నేనైతే ఇలా రాస్తాను: "చివరి నాలుగు నెలలు క్యాన్సర్‌తో చాలా యాతన పడ్డారు." అంతే. కార్డు కాబట్టి ఇంకాస్త గౌరవంగా ఉండాలంటే "ఎంతో యాతన పడుతూ కూడా" అని మొదలుపెట్టి, ఆ నాలుగు నెలల్లో ఆయన ఎవరి గురించి అడిగారో, ఏం మాట్లాడారో ఒక్క ముక్క రాయండి. యాతన పక్కన మనిషి కనబడితే ఎవరికీ యముడు గుర్తురాడు. బాబాయిగారికి అప్పటికీ ఇష్టం లేకపోతే పట్టుబట్టకండి. "ఎంతో బాధను ఓర్చుకున్నారు" అని మార్చండి. ఓర్చుకోవడంలో మీ నాన్నగారి గొప్పతనం కూడా వస్తుంది. 'వ్యథ' మాత్రం వద్దు, అది మనసుకు సంబంధించినది. 'అగచాట్లు', 'తిప్పలు', 'పాట్లు' కూడా వద్దు. మంచి అచ్చ తెలుగు మాటలే గానీ వాటిలో కాస్త వెటకారం తొంగిచూస్తుంది.

ప్రూఫు వచ్చాక ఆ వాక్యం మటుకు మీరే స్వయంగా దిద్దుకోండి. ఒకసారి మా దగ్గర ఒక సంస్మరణ ప్రకటనలో యాతన కాస్తా 'యాచన' అయి అచ్చయింది. ఆ కుటుంబం ముందు తల ఎత్తుకోలేకపోయాం.